నాలుగు వైపులా కుట్టిన జేబు

బట్ట కుట్టే సూది నా చేతికి ఇరవయ్యో ఏట వచ్చింది. అంతకు ముందు నాకు తెలిసింది వల సూది ఒక్కటే. మా బెస్తవాడలో ఆడపిల్లకు అన్నం వండడం వచ్చేలోపే తెగిన వల బాగుచేయడం వస్తుంది. జానెడు వెదురు సూదికి నూలు చుట్టుకొని, తెగిన కన్ను దగ్గర మొదలుపెట్టి, ఒక్కో కన్నుకు ఒక్కో ముడి వేసుకుంటూ పోవాలి. ముడి వేయకుండా ముందుకు పోయిన పిల్లకు మొట్టికాయ పడేది. ఒక కన్ను తెగినా పక్క కన్ను నిలబడాలి. అట్లా నిలబడకపోతే ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో ఒక్క వాలుగ చేప చాలు, వలంతా చీల్చుకుపోతుంది.

నా పేరు జంగమ్మ. మా ఆయన పేరు గోపయ్య. మొగని పేరు నోటితో అనకూడదని నన్ను పెంచారు. ఒకప్పుడు ఆ పేరు బయటపెట్టనందుకే మా ఇల్లు నిలిచింది. ఇప్పుడు కావాలనే చెబుతున్నాను.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజులవి. అంతకు ముందు నుంచే దొర గడీకి రోజూ మొదటి గంప చేపలు వెట్టిగా పోయేవి. తర్వాత రజాకార్లకు రెండో గంప పోయింది. మూడో గంప నింపే ఓపిక ఎవరికుంటుంది? గోపయ్య సంఘంలో కలిశాడు. రాచకొండ గుట్టల్లో ఉన్న దళానికి భుజాన వేసుకునే సంచులు కావాలన్నారు. బజారులో మిషను ఉన్న దర్జీ కాశయ్య ఒక్కడే. కానీ కాశయ్య దుకాణంలో రోజంతా ఎవరో ఒక పోలీసు కాళ్లు చాపుకొని కూర్చునేవాడు. అందుకని గోపయ్య పోయి సుసన్నక్కను అడిగాడు.

సుసన్నక్క కిరస్తానీ వాడలో పిల్లలకు చదువు చెప్పే యోబు సారు భార్య. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో కుట్టు నేర్చుకుంది. "జంగమ్మకు రవికె కుట్టుడు నేర్పిస్తున్న" అని అందరితో చెప్పి మా వాకిట్లోకి వచ్చేది. అది అబద్ధం కూడా కాదు. మా వాడలో సగం మందికి రవికె అనేదే లేదు. మా అత్త ఎంకమ్మ యాభై ఏళ్లు కొంగు చుట్టుకునే బతికింది.

మొదటి రోజు పాత ధోతి ముక్క ఒకటి నా ఒళ్లో వేసింది సుసన్నక్క. దారం మోచేతి పొడుగుకు మించి తీయొద్దంది. గీత మీద సూది దించి లేపుతూ పొమ్మంది. నేను వంచిన తల ఎత్తకుండా పొయ్యి మీద చారు మరిగేంత సేపు కుట్టి, మురిసిపోతూ చూపించాను. ఆమె ముక్కను కంటి దగ్గర పెట్టుకొని చూసింది.

"ఏందే జంగమ్మా ఇది? బట్ట కుట్టమంటే వల కడ్తున్నవా? కుట్టుకొక్క ముడి ఏసినవ్!"

"ముడెయ్యకుంటే నిలుస్తదా అక్కా?"

"మొదట ఒకటి, ఆఖర్ల ఒకటి. నడుమ అక్కర్లేదు. బట్టను బట్టే పట్టుకుంటది."

నాకు ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. ముడి లేకుండా నాలుగు కుట్లు వేసేసరికి ఇంటి తలుపు తీసిపెట్టి వచ్చినట్టు ప్రాణం కొట్టుకునేది. ఐదో కుట్టుకు నా చెయ్యి నన్ను అడగకుండానే ముడి వేసేసేది. సుసన్నక్క ఓపికగా కోసేసి మళ్లీ మొదలుపెట్టించేది.

గోపయ్య అరుగు మీద కూర్చొని చూస్తూ ఉన్నాడు. సుసన్నక్క కుట్టిన ముక్కను, నేను కుట్టిన ముక్కను చేతుల్లోకి తీసుకున్నాడు. రెండింటిలోనూ నడుమ ఒక్కో కుట్టు పంటితో తెంపి గట్టిగా గుంజాడు. సుసన్నక్కది సర్రున ఊడిపోయింది. నాది ఊడలేదు.

"సుసన్నక్కా, ఏమనుకోకు. రవికెలకు నీ కుట్టు నేర్పు. మా సంచులకు మాత్రం ఇదే ఉండనీ. తూటాలు మొయ్యాలె, జొన్నరొట్టెలు మొయ్యాలె. ముండ్లకు ఒక్క కుట్టు తెగితే సంచి మొత్తం విచ్చుకోవద్దు."

సుసన్నక్క నవ్వింది. "నా చదువంతా గిట్ల గంగల కలిపినవా తమ్మీ" అంది. నేను మాత్రం ఆ పూట నేలమీద నడవలేదు.

అట్లా ముడి కుట్టుతో ఆరు సంచులు కుట్టాను. ఖాకీ గుడ్డ ఎక్కడి నుంచి వచ్చేదో నేను అడగలేదు. అడగవద్దన్నారు. మొదటి సంచి గోపయ్యది. దాని లోపల చిన్న జేబు ఒకటి కుట్టమన్నాడు. జేబంటే నాలుగు పలకల గుడ్డముక్కే కదా అని, దాన్ని లోపల పెట్టి చుట్టూ తిరిగి కుట్టుకొచ్చాను. ఒక్క కుట్టు వదలలేదు, ఒక్క ముడి వదలలేదు. ఆయన చేతికిచ్చాను. ఆయన సంచిని తిప్పి, లోపల తడిమి, మళ్లీ తడిమి, నా మొహం చూశాడు.

"మంచిగుంది గని, చెయ్యి పెట్టనీకి జాగ ఏది?"

నాలుగు వైపులా కుట్టేశాను. జేబుకు మూతి లేదు. మా అత్త ఎంకమ్మ వల దగ్గర నుంచి లేచి వచ్చి చూసి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆమె అట్లా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. నాకు ఒళ్లు మండిపోయింది. కత్తిపీట దగ్గరికి పోయాను, ఒక వైపు కోసేద్దామని. గోపయ్య సంచి ఇవ్వలేదు.

"ఉండనియ్యే. నీ కోపమంత దాంట్ల మూట గట్టుకొని పోత. నేనొచ్చినంక ఇప్పుదువు."

నాలుగు రోజుల తర్వాత, ఎండ చల్లబడే వేళ, వల భుజాన వేసుకొని గంప నెత్తిన పెట్టుకొని చెరువుకు పోయినట్టే పోయాడు. గంపలో ఆ సంచి ఉంది. కట్ట మీద కొంత దూరం కనబడ్డాడు. ఆ తర్వాత కనబడలేదు.

సుసన్నక్క రావడం మానలేదు. ఆయన లేని ఇంట్లో నేను కూలబడిపోకుండా పని పెట్టింది. భుజం దగ్గర కొలత ఎట్లా తీయాలో, చంక కింద చిన్న ముక్క ఎందుకు వేయాలో, కుట్టుకోసం అంచు రెండు వేళ్లు ఎందుకు వదలాలో చెప్పింది. మొదటి రవికెకు అంచు వదలడం మరిచి చిన్నపిల్లకు సరిపోయేలా కుట్టాను. రెండోదానికి రెండు చేతులూ ఎడమవైపువే కోశాను. మూడోది మా అత్తకు సరిపోయింది. ముడులు లేని కుట్టు. ఎంకమ్మ దాన్ని తొడుక్కొని, ఎక్కడ చిరుగుతుందోనని రోజంతా చెయ్యి పైకెత్తలేదు. ఆ తర్వాత మాత్రం ఉతుక్కునేటప్పుడు తప్ప ఒంటి మీద నుంచి తీయలేదు. నాకోసం ఒకటి కుట్టుకున్నాను. కుట్లన్నీ ఒక్క కొలతగా రావడం మొదలైంది. చేతికి పని వచ్చిందని మనసుకు తెలిసే రోజు ఒకటుంటుంది. అది నాకు వచ్చింది, చూసి మెచ్చుకునేవాడు మాత్రం గుట్టల్లో ఉన్నాడు.

తర్వాతి ఏడు భాద్రపదంలో యూనియన్ మిలటరీ వచ్చింది. నిజాం లొంగిపోయాడు. రజాకార్లు ఒక్కరోజులో మాయమయ్యారు. ఊరంతా రోడ్డు మీదికొచ్చింది. ఎంకమ్మ చేపల పులుసు వండి ఎదురుచూసింది. కొడుకు రాలేదు. సంఘం పంచిన భూములు దొరలు మళ్లీ పట్టుకుంటున్నారని, దళాలు తుపాకులు దించలేదని కబురొచ్చింది. చూస్తుండగానే, రజాకార్లను తరమడానికి వచ్చినవాళ్లు సంఘపోళ్ల కోసం ఇళ్లు వెతకసాగారు. సంఘానికి సాయం చేశాడని యోబు సారును జైల్లో వేశారు. సుసన్నక్క పిల్లలను తీసుకొని కందుకూరులో తల్లిగారింటికి పోయింది. పోయేముందు తన సూదుల డబ్బా నా చేతిలో పెట్టింది. నేను దాన్ని వడ్ల గుమ్మిలో దాచాను.

ఆ మరుసటి వేసవిలో ఊరి బయట పోలీసు క్యాంపు పడింది. కాశయ్యను పిలిచి చిరిగిన యూనిఫాంలు కుట్టించుకునేవారు. ఒకరోజు క్యాంపు జమేదారు, గుట్టల్లో దొరికిన సంచి ఒకటి అతని ముందు పడేసి, ఇది నీ పనేనా అని అడిగాడట. కాశయ్య చెడ్డవాడు కాదు. కానీ పని గురించి ఎవరైనా అడిగితే నోరు ఆగని మనిషి. సంచి చూసి ముక్కు విరిచి, "దర్జీ పని గాదు సర్కార్. కుట్టు కుట్టుకు ముడి ఉంది. ఇది వల కట్టే చెయ్యి" అన్నాడట. అన్నాక గానీ ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుంటుందో తట్టలేదట.

పొద్దున్నే పోలీసు పటేలు వాడలోకి వచ్చి, ఆడవాళ్లంతా క్యాంపుకు నడవాలన్నాడు. పద్నాలుగు మందిమి తేలాం. గుట్టల్లో దొరికిన సంచి ఎవరు కుట్టారో తేల్చడానికని పటేలు వాకిట్లోనే చెప్పాడు. ఆరు సంచులు కుట్టాను. ఆ ఆరింటిలో ఏది? పక్కన నడుస్తున్న ఎంకమ్మను చూశాను. ఆమె ఒంటి మీద రవికె లేదు. పాతకాలంలో లాగా కొంగు చుట్టుకొని ఉంది. పటేలు వాకిట్లో నిలబడి ఉండగానే, చెంబు తెస్తానని లోపలికి పోయింది ఇందుకన్నమాట, రవికె కుట్టిందెవరని ఎవరూ అడగకుండా. నా రవికె మీద పైట గట్టిగా కప్పింది.

క్యాంపులో గుడారం ముందు బల్ల, బల్ల మీద సంచి. బల్ల పక్కన తల వంచుకొని కాశయ్య. జమేదారు వేరే దేశపు మనిషి. ఆయన చెప్పేది పటేలు మాకు చెప్పాడు.

"ఈ సంచి మోసినోడు కాల్పులల్ల సచ్చిండు. పేరు దెల్వక ఆడనే బొంద వెట్టిండ్రు. కుట్టినోళ్లు దొరికితే వాని పేరు దొరుకుతది, వాని ఇల్లు దొరుకుతది, వానికి బువ్వ పెట్టినోళ్లు దొరుకుతరు. ఒక్కొక్కరు వచ్చి బట్ట మీద కుట్టి చూపియ్యాలె."

సంచి మూతి మా వైపు లేదు. పైన మరక ఒకటి ఎండి నల్లబడి ఉంది. ఆరు సంచులూ పైకి ఒక్కతీరుగానే ఉంటాయి. తేడా లోపల ఉంది. దగ్గరికి పోయి తిరగేసి చూడాలని నా చేతులు లాగుతున్నాయి. చూడనిమ్మని అడిగితే, కుట్టింది నేనేనని చెప్పినట్టే.

మొదట బుచ్చిని పిలిచారు. బుచ్చి పుట్టి బుద్ధెరిగాక బట్ట సూది పట్టలేదు. కూర్చొని కుట్టుకో ముడి వేసింది. తర్వాత బాలనర్సమ్మ. ఆమె కూడా అంతే. మూడోది మా అత్త. ఆమె బట్టను కాలి బొటనవేలికి తగిలించి, వల బాగుచేసినట్టే గుంజి గుంజి ముడులు వేసింది. జమేదారు మొహం చిట్లించాడు. ఒక్క ముడి చెయ్యి కోసం వస్తే వాడంతా ముడులే వేస్తోంది.

అప్పుడు నాకు అర్థమైంది. పద్నాలుగు మందిలో ముడి లేకుండా కుట్టగలిగేది నేనొక్కదాన్నే. సుసన్నక్క నేర్పిన మంచి కుట్టు వేశానా, ఎవరు నేర్పారని అడుగుతారు. దాని వెనకే అంతా బయటికొస్తుంది. నేర్చుకున్నదంతా మరిచిపోవాలి. మొదటి రోజు ధోతి ముక్క మీద కుట్టిన జంగమ్మను కావాలి.

నా వంతు వచ్చింది. కూర్చున్నాను. ఒక కుట్టు, ఒక ముడి. వంకరగా వేద్దామంటే చెయ్యి మాట వినడం లేదు. ఎంత నేర్పించాల్సి వచ్చిందో ఈ చేతికి, ఇప్పుడు అంత మొండికేసింది. కుట్లు వద్దన్నా ఒక్క కొలతగా పడుతున్నాయి.

జమేదారుకు విసుగొచ్చింది. ఈ కుట్లను సంచి కుట్లతో పోల్చి చెప్పమని కాశయ్యను గద్దించాడు. దర్జీ బట్ట నాణ్యం చూడాలంటే లోపలి నుంచే చూస్తాడు. కాశయ్య సంచిలో చెయ్యి పెట్టి మొత్తం బయటికి తిరగేశాడు.

నా మొహానికి బారెడు దూరంలో జేబు. నాలుగు వైపులా కుట్టిన జేబు. ఏ మూలా కోయలేదు, ఏ వైపూ విప్పలేదు. ఒక్క ముడి కూడా ఊడలేదు.

సూది నా వేలిలో దిగబడింది. నొప్పి తెలియలేదు. బట్ట మీద నెత్తురు పడడం చూసి గానీ నాకు తెలియలేదు. నోరు తెరిస్తే ఆయన పేరే వస్తుంది. అది బయటికి వస్తే అయిపోయినట్టే. జమేదారు నా వైపు తిరిగాడు. అంతలో వెనక నుంచి మా అత్త గొంతు పగిలినట్టు మోగింది.

"సూది వట్టుకోనీకి రానిదాన్ని కూసోవెడితే ఏళ్లు పొడుసుకోదా సర్కార్! చెరువు మీద బతికెటోళ్లం. మాకేం దెల్సు ఈ పని? నెత్తురు జూస్తే అది కండ్లు తిరిగి పడ్తది. లేవే పిల్లా, లే!"

వచ్చి నా రెక్క పట్టి లేపింది. కోపంగా గుంజుతోందని అందరూ అనుకున్నారు. ఆమె వేళ్లు నా చేతిలోకి దిగిపోయాయి. పద్నాలుగు ముక్కలూ కాశయ్య ముందు పెట్టారు. ఒక్కోటి తీసి చూస్తున్నాడు. నాది తీశాడు. నెత్తురు మరక పక్కన కుట్ల మీద బొటనవేలితో రాశాడు. తలెత్తి నన్ను ఒక్కసారి చూశాడు. పని తెలిసిన చెయ్యిని పని తెలిసినవాడు గుర్తుపట్టకుండా ఉంటాడా? ఆ ముక్కను అన్నిటికంటే కింద పెట్టాడు.

"అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్ సర్కార్. ఈ వాడల పుట్టిన ప్రతి చెయ్యి ఇట్లనే కుడ్తది. ఇది ఫలానోళ్లదని నేను చెప్పలేను."

చెంప మీద పడిన దెబ్బకు కాశయ్య బల్ల పక్కన కూలబడ్డాడు. జమేదారు వాడలో ఉన్న వలలన్నీ తెప్పించి, మా ముందే కుప్పపోసి కాల్పించాడు. నూలు కాలిన వాసన మధ్య మా వాడ ఆడవాళ్లంతా శోకాలు పెట్టి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఏడవడానికి అంతకంటే మంచి చోటు నాకు దొరికేది కాదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఇంటికొచ్చాక బొట్టు చెరుపుకోలేదు. గాజులు తీయలేదు. తీస్తే పేరు చెప్పినట్టే. క్యాంపు వాళ్లు నెలకోసారి వాడ మీదికొచ్చి ఎవరి మొగుడు ఎక్కడున్నాడని లెక్కలు అడిగేవారు. "పట్నంల హమాలీకి పోయిండు" అని చెప్పేదాన్ని. మా అత్తకు కూడా చెప్పలేదు; వెనక నిలబడ్డ ఆమె ఆ జేబు చూసి ఉండదనుకున్నాను. కొడుకు గుట్టల్లో బతికి ఉన్నాడన్న ఆశతో రెండు ముద్దలు తింటోంది. ఆ రెండు ముద్దలు నేనెందుకు లాక్కోవాలి? పొద్దున్నే అద్దం ముందు కూర్చొని కుంకుమ పెట్టుకుంటుంటే నామీద నాకే అసహ్యం పుట్టేది. చచ్చినవాడిని ఏడవకుండా దాచిపెట్టినదాన్ని నేను.

నన్ను అన్నిటికంటే కోసింది గోపయ్య కంచం. ఎంకమ్మ రోజూ సాయంత్రం ఆ ఇత్తడి కంచాన్ని చింతపండుతో తోమి, కడిగి, గూట్లో బోర్లించేది. ఎవరూ తినని కంచం. "తినని కంచం ఎందుకు తోముతవ్ అత్తా" అని ఒకరోజు ఉండబట్టలేక అరిచాను. "మాసిపోతదే" అంది, అంతే. ఆమె ఆశను చూస్తే నాకు జాలి వేసేది. జాలి ముదిరి కోపం వచ్చేది. ఆ కోపంలోనే రవికెలు కుట్టాను. వాడలో బుచ్చికి, బాలనర్సమ్మకు, అడిగిన అందరికీ. మధ్యలో ముడి వేయకుండా.

రెండేళ్లు గడిచాయి. ఆశ్వయుజం దాటాక పోరాటం ఆపేశారని కబురొచ్చింది. గుట్టల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దిగి వస్తున్నారు. పక్క ఊరి పెద్దయ్య వచ్చాడు. యోబు సారు జైలు నుంచి వచ్చాడు, సుసన్నక్క కందుకూరు నుంచి వచ్చింది. వచ్చినవాళ్ల ఇళ్లలో చేపల పులుసు వాసన. మా అత్త ప్రతిరోజూ కట్ట వైపు చూస్తుందేమోనని నేను ఆమెనే చూస్తూ ఉన్నాను. ఆమె ఒక్కసారి కూడా ఆ వైపు చూడలేదు.

ఒక సాయంత్రం గూట్లోంచి కంచం తీసింది. తోమలేదు. పక్కన పెట్టి, గిన్నెలో నీళ్లు, కుంకుడు పులుసు తెచ్చుకొని నా ఎదురుగా కూర్చుంది.

"చెయ్యి ఇటియ్యి బిడ్డా."

ఇచ్చాను. కుంకుడు నురగ రాసి ఒక్కో గాజునూ మెల్లగా జారుస్తోంది. పగలగొట్టలేదు. మూడో గాజు తీశాక, తల ఎత్తకుండానే అంది.

"ఆ జేబు నేను గూడ జూసిన గదనే. నవ్వింది నేనే గద ఆనాడు."

"మరి ఈ కంచం అత్తా? ఇన్ని దినాలు..."

"నాకు దెల్వదని నువ్వనుకుంటున్నవ్. నాకోసం బొట్టు వెట్టుకొని తిరుగుతున్నవ్. కంచం తోముడు బంద్ చేస్తే నాకు దెల్సని నీకు దెల్వదా? ఇగ ఇద్దరం కుప్పగూలుతుంటిమి. ఆ క్యాంపోళ్లు వచ్చేదాక గూడ నిలవకపోతుంటిమి."

ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. ఆమె నా మీద వంగి ఏడ్చింది. రెండేళ్ల కింద ఏడవాల్సింది ఆనాడు ఏడ్చాం. పొరుగు నుంచి బుచ్చి పరుగెత్తుకొచ్చి, నా ఉత్త చేతులు చూసి, గడపలోనే కూలబడింది.

గుట్టల్లో ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలియదు. ఆ సంచి ఏమైందో తెలియదు. వచ్చినంక ఇప్పుదువు అన్నాడు. నాకు విప్పే పని పడలేదు.

ఆ రాత్రికి వండింది జొన్న గటక, ఎండుచేపల పులుసు. ఎంకమ్మ గోపయ్య కంచం ముందుకు జరిపి అందులోనే వడ్డించింది. ఇద్దరం చెరో పక్కన కూర్చొని ఆ ఒక్క కంచంలోనే తిన్నాం.